గీత కరగాలా, నిలవాలా? నీళ్లలో కరిగే మైనపు క్రేయాన్లు ఎవరికి, మిగతా రంగులు ఎవరికి

పోయిన నెల మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నమ్మా, నీళ్లలో కరిగే క్రేయాన్లు కొనమంటావా, వాటర్ కలర్ పెన్సిళ్లతో సరిపెట్టుకోమంటావా?" అని అడిగింది. తను ఇంజినీరింగ్ చదువుతోంది. ఆదివారం తెల్లవారేసరికి స్కెచ్ బుక్ సంచిలో వేసుకుని చంద్రగిరి వైపో, కపిలతీర్థం వైపో వెళ్లిపోతుంది. పాకెట్ మనీ దాచుకుని కొనుక్కోవాలి, కాబట్టి ఒక్క పెట్టే కొనగలదు. ఆరోజు ఫోన్‌లో నేను చెప్పింది తనకు చాలలేదు, నాకూ తృప్తిగా అనిపించలేదు. తిరుపతిలో మా ఇంట్లోనే సాయంత్రాలు పిల్లలకు బొమ్మలు నేర్పుతూ పన్నెండేళ్లుగా ఈ రంగులన్నీ వాడుతున్నాను. తనలాగే తేల్చుకోలేక ఉన్నవాళ్లు ఇంకా ఉంటారు కదా అని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చాలామంది ధర దగ్గరో, రంగుల సంఖ్య దగ్గరో మొదలుపెడతారు. 12 రంగులు చాలా, 40 కావాలా అని. నన్నడిగితే మొదట తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీరు గీసిన గీత మీద నీళ్లు పడ్డాక ఆ గీత ఏం కావాలి? పూర్తిగా కరిగి రంగుగా పరుచుకోవాలా? సగం కరిగి సగం కనబడాలా? అసలు కదలకూడదా? దీనికి జవాబు దొరికితే కొనాల్సిన పెట్టె ఏదో దాదాపు తేలిపోతుంది.

మైనం నీళ్లలో ఎట్లా కరుగుతుంది?

మైనానికీ నీళ్లకూ పడదని చిన్నప్పటి నుంచి తెలిసిందే. కొవ్వొత్తి రుద్దిన కాగితం మీద నీళ్లు పోస్తే బొట్లు బొట్లుగా జారిపోతాయి. బడి పిల్లలు వాడే మామూలు క్రేయాన్లలో ఉండేది పారాఫిన్ మైనం, దాని గుణం అదే. నీళ్లలో కరిగే క్రేయాన్లలోనూ మైనమే ఉంటుంది, కానీ అది నీళ్లతో కలిసేలా తయారుచేసిన మైనం. జిడ్డు గిన్నెను సబ్బుతో తోమితే నూనె నీళ్లలో కలిసిపోతుంది చూడండి, ఇక్కడ జరిగేదీ అలాంటిదే. పొడిగా గీస్తే మెత్తని క్రేయాన్ గీత. తడి బ్రష్ తగలగానే మైనం విడిపోయి, అందులోని రంగు నీళ్లతో పాటు పరుగెత్తుతుంది. ఆరాక మళ్లీ తడి తగిలితే మళ్లీ కదులుతుంది.

ఈ రకంలో అందరూ మొదట చెప్పే పేరు నియోకలర్ 2. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో 1915లో పుట్టిన పెన్సిళ్ల కంపెనీ ఒకటి 1924 నుంచి కరన్ దాష్ అనే పేరుతో నడుస్తోంది. రష్యన్ భాషలో పెన్సిల్‌ను కరందాష్ అంటారు. ఆ మాటను ఒక ఫ్రెంచ్ కార్టూనిస్టు తన కలం పేరుగా పెట్టుకున్నాడు, కంపెనీ పేరు అక్కడి నుంచి వచ్చింది. ఈ కంపెనీవే నియోకలర్ 1, నియోకలర్ 2 అని రెండు రకాలున్నాయి. పేరు ఒకటే, ఆకారమూ ఒకటే. అయితే 1 నీళ్లలో కరగదు, 2 మాత్రమే కరుగుతుంది. ఆన్‌లైన్‌లో తొందరపడి ఒకటి బదులు ఇంకొకటి తెప్పించుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చే పిల్లల తల్లిదండ్రుల్లోనే ఇద్దరున్నారు. నియోకలర్ 1 కూడా చాలా మంచి రంగే. కాకపోతే మనకు ఇక్కడ కావాల్సిన పని అది చేయదు.

ఇంకో జాగ్రత్త. కొన్నేళ్ల క్రితం ఒక షాపులో "ఇవి వాటర్‌వే మేడమ్" అని నమ్మకంగా చెబితే ఒక పెట్టె తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి బ్రష్ పెడితే నీళ్లు పక్కకు జారిపోయాయి. అవి మామూలు ఆయిల్ పాస్టెల్స్. పెట్టె తెరిచారు కదా అని వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. అప్పటి నుంచి షాపులో తెరిచి ఉన్న శాంపిల్ ఉంటే కాగితం మీద ఒక్క గీత గీసి, తడివేలితో రుద్ది చూస్తాను. రంగు వేలి వెంట పాకితే కరిగేదే. గీత అక్కడే ఉండి వేలు జారిపోతే కాదు. అర నిమిషం కూడా పట్టని పరీక్ష ఇది.

వాటర్ కలర్ పెన్సిళ్లతో పోలిస్తే

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే, మా అమ్మాయి అడిగిందీ ఇదే. నీళ్లలో కరిగే రంగు పెన్సిల్ కొత్తదేమీ కాదు. ప్రిస్మాలో అనే పెన్సిల్‌ను ఇదే స్విస్ కంపెనీ 1931లోనే తెచ్చింది. మన దేశంలో కామ్లిన్ మొదలైంది కూడా ఆ ఏడాదే, బొంబాయిలో, సిరా బిళ్లలతో. ఇప్పుడు కామ్లిన్, డామ్స్, ఫేబర్ కాస్టెల్ వాటర్ కలర్ పెన్సిళ్లు మన ఊళ్లో స్టేషనరీ షాపుల్లోనే దొరుకుతాయి. ఒకటి అరిగిపోతే సాయంత్రానికి మళ్లీ కొనుక్కోవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు.

పెన్సిల్‌లో రంగు సన్నని కడ్డీ మాత్రమే, చుట్టూ చెక్క. క్రేయాన్‌లో చెక్క ఉండదు, కాగితపు తొడుగు తీసేస్తే మొత్తం రంగే. ఇక్కడి నుంచే మిగతా తేడాలన్నీ పుడతాయి. ఆకాశం, కొండ, చెరువు లాంటి పెద్ద జాగాను పెన్సిల్‌తో నింపాలంటే పదిహేను నిమిషాలు గీస్తూనే ఉండాలి. క్రేయాన్‌ను పడుకోబెట్టి నాలుగుసార్లు లాగితే నిండుతుంది. తడి తగిలాక పెన్సిల్ రంగు చాలావరకు పలచబడుతుంది, ముఖ్యంగా తక్కువ ధర పెట్టెల్లో. క్రేయాన్ రంగు చిక్కగా, నిండుగా ఉంటుంది.

మరోవైపు పెన్సిల్ చేసే పని క్రేయాన్ చేయలేదు. గోవిందరాజస్వామి గుడి గోపురం వేయాలనుకోండి. అంతస్తు అంతస్తుకూ బొమ్మలు, వాటి మధ్య నీడలు, కలశాలు. చిన్న స్కెచ్ బుక్‌లో అంత సన్నని పని క్రేయాన్ మొద్దు కొనతో కుదరదు. షార్పనర్‌లో పెట్టి చెక్కుకోవచ్చు కానీ నాలుగు గీతలకే కొన అరిగిపోతుంది. పైగా అంత ఖరీదైన రంగు పొట్టుగా రాలిపోతుంది. (పొట్టును మాత్రం పారేయకండి. చిన్న డబ్బాలో దాచి, రెండు చుక్కల నీళ్లతో కలిపితే బ్రష్‌కు పనికొస్తుంది.)

కాబట్టి గోపురాలు, రథాలు, ముఖాలు, ఆకుల ఈనెలు లాంటి వివరం మీద ప్రేమ ఉన్నవాళ్లకు వాటర్ కలర్ పెన్సిల్. కొండలు, మబ్బులు, జనం గుంపు, వాన ముందు వెలుతురు లాంటివి ఇరవై నిమిషాల్లో పట్టుకోవాలనుకునేవాళ్లకు క్రేయాన్. మన శేషాచలం అంచులు చూడండి. ఊరికి ఉత్తరాన గోడలా నిలబడి, దక్షిణం వైపు ముఖం పెట్టి ఉంటాయి. చలికాలంలో ఎండ వాటి మీద సూటిగా పడి, సాయంత్రం ఆ రాతి పొరలు ఎర్రమట్టి రంగు నుంచి నారింజలోకి, అక్కడి నుంచి ఊదాలోకి మారిపోతాయి. ఆ మార్పు పావుగంటలో అయిపోతుంది. పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే మొదటి పొర పూర్తయ్యేలోపు ఆ వెలుతురు ఉండదు. క్రేయాన్లు నాకు ప్రాణమైంది ఆ పావుగంట వల్లే. ఎల్లో ఓకర్‌ను, అంటే మట్టి పసుపును, అడ్డంగా రుద్ది, రాతి పొరల దగ్గర ఇటుక రంగు గట్టిగా నొక్కి గీసి, పైనుంచి కిందికి ఒక్క తడి బ్రష్ లాగితే కొండ వచ్చేస్తుంది. నొక్కి గీసిన గీతలు పూర్తిగా కరగవు, పొరల్లాగే నిలబడతాయి. మెల్లగా గీసినవి కరిగి వాటి మధ్యలో నిండుతాయి. ఒకే కడ్డీతో చేతి బరువు మార్చి రెండు పనులు చేయించుకోవచ్చు.

మిగతా పెట్టెలు

మామూలు మైనపు క్రేయాన్లు, అంటే 1903లో క్రేయోలా మొదటి పెట్టె వచ్చినప్పటి నుంచి పిల్లల చేతుల్లో ఉన్న రకం, పెద్ద బొమ్మలకు నేను సిఫారసు చేయను. రంగు పొర మీద పొర పట్టదు, జారుతుంది. అయితే ఆ పెట్టెలోని తెల్ల క్రేయాన్‌ను మాత్రం నా సంచిలో ఎప్పుడూ ఉంచుకుంటాను. వానలు పడ్డాక కపిలతీర్థంలో జలపాతం దూకుతుంది కదా, దాన్ని వేయడానికి. నీళ్లు పడే చోట తెల్ల మైనంతో ముందే నిలువు గీతలు గీసేయాలి. తర్వాత నీళ్లలో కరిగే క్రేయాన్ రంగును బ్రష్‌తో తీసుకుని దాని మీదుగా వేస్తే, మైనం ఉన్న చోట రంగు అంటదు, తెల్లని ధార అలాగే మిగిలిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి. ఆ తెల్ల మైనం మీద క్రేయాన్‌నే నేరుగా రుద్దితే రెండూ కలిసి జిగటగా అవుతాయి. బ్రష్‌తో వేసినప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుంది.

ఆయిల్ పాస్టెల్స్ జపాన్‌లో సకురా కంపెనీ 1925లో తెచ్చినవి. ఇప్పుడు ప్రతి స్కూలు లిస్టులోనూ ఉంటాయి. చవక, రంగు గాఢం, వేలితో రుద్దితే కలుస్తాయి. వాటికి నీళ్లు కాదు, టర్పెంటైన్ కావాలి. వాటిలోని నూనె ఆరదు కాబట్టి బొమ్మ నెలల తర్వాత కూడా పక్క పేజీకి అంటుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు, పెద్ద చార్టుల మీద పనికి ఇవే సరి. వాళ్లకు ఖరీదైన స్విస్ క్రేయాన్లు కొనివ్వద్దని తల్లిదండ్రులకు నేను ఎప్పుడూ చెబుతాను. ఒక్క స్విస్ క్రేయాన్ ధరకు ఇక్కడ ఆయిల్ పాస్టెల్స్ పెట్టె వచ్చేస్తుంది, పిల్లలు భయం లేకుండా విరగ్గొట్టుకుని మరీ వాడతారు. ఆ వయసులో కావాల్సింది ఆ ధైర్యమే.

వాటర్ కలర్ కేకుల, అంటే తడి బ్రష్‌తో రంగు తీసుకునే గట్టి రంగు బిళ్లల సంగతి వేరు. పలచని, పారదర్శకమైన రంగు, పొర కింది పొర కనబడే అందం కేకులతోనే వస్తుంది. క్రేయాన్ వాష్‌లో, అంటే నీళ్లతో పరిచిన రంగు పొరలో, మైనం ఉంటుంది కాబట్టి కాస్త మబ్బుగా, నిండుగా కనిపిస్తుంది. రెండుమూడు పొరలు దాటితే బురదగా మారే ప్రమాదమూ ఉంది. పద్మసరోవరంలో ఉదయం పూట నీళ్ల మీది వెలుతురు లాంటిదానికి నేను కేకులే తీసుకెళ్తాను. వాటర్ కలర్ ఇప్పటికే బాగా వచ్చినవాళ్లు క్రేయాన్లను కేకుల స్థానంలో కాకుండా, కేకులతో పాటు నాలుగైదు రంగులు పెట్టుకుంటే చాలు. ఆరిన వాష్ మీద చివర్లో పొడి క్రేయాన్‌తో గరుకు గీత గీస్తే రాయి రాయిలా, చెట్టు బెరడు బెరడులా కనబడుతుంది.

ఇక డెర్వెంట్ వాళ్ల ఇంక్‌టెన్స్. ఇది ఇంగ్లండ్ పెన్సిల్, కడ్డీల రూపంలోనూ దొరుకుతుంది. చూడ్డానికి వాటర్ కలర్ పెన్సిల్‌లాగే ఉంటుంది కానీ నీళ్లతో పూర్తిగా కరిగించాక ఒకసారి ఆరితే మళ్లీ కదలదు, సిరాలా పట్టేస్తుంది. దాని మీద ఇంకో పొర ధైర్యంగా వేసుకోవచ్చు. గుడ్డ మీద కూడా వాడొచ్చు. క్రేయాన్‌లో లేనిదీ, చాలామందికి నిజంగా కావాల్సిందీ ఇదే.

ఈ తేడాను పిల్లలకు చెప్పేటప్పుడు నేను శ్రీకాళహస్తి కలంకారీని ఉదాహరణగా చెబుతాను. మనకు గంటలోపు ప్రయాణమే కదా, చాలామంది చూసే ఉంటారు. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాల వల్ల రంగు గుడ్డ మీద పక్కకు పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నల్లరంగును వెదురు కలంతో గీస్తే, కరక్కాయలోని వగరు గుణం ఇనుముతో కలిసి నూలులోనే నల్లగా పట్టేస్తుంది. ఎర్రరంగుకు పటిక ఉంటుంది. తర్వాత ఆ గుడ్డను పారే నీళ్లలో ఎన్నిసార్లు జాడించినా గీత చెదరదు. అక్కడ రంగును పట్టి ఉంచే పదార్థం ఉంది. మన క్రేయాన్‌లో అలాంటిది లేదు. ఎన్నేళ్ల తర్వాత తడి తగిలినా కరగడానికి సిద్ధంగా ఉంటుంది. తప్పు గీస్తే తడిబ్రష్‌తో ఎత్తేయొచ్చు, అది మేలు. పూర్తయిన బొమ్మ మీద వాన చుక్క పడితే మచ్చ అవుతుంది, అది కష్టం. కలంకారీ మనస్తత్వం ఉన్నవాళ్లు, అంటే ఒక గీత గీశాక అది అక్కడే ఉండాలని కోరుకునేవాళ్లు ఇంక్‌టెన్స్ వైపు వెళ్లండి. లేదంటే వాటర్‌ప్రూఫ్ నల్ల ఇంక్ పెన్‌తో గీతలు గీసుకుని, అవి బాగా ఆరాక, క్రేయాన్‌ను రంగుకు మాత్రమే వాడుకోండి. పెన్ను గీతలు ముందు, క్రేయాన్ తర్వాత. వరస తిరగేస్తే మైనం పెన్ను మొనలో ఇరుక్కుని సిరా ఆగిపోతుంది.

మన ఎండలు, మన కాగితాలు

విదేశాల వాళ్లు రాసే సలహాల్లో ఎండ సంగతి కనబడదు. మనకు అదే పెద్ద సమస్య. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి ఎండలో నిలబెట్టిన బండి లోపల ఇంకెంత ఉంటుందో ఆలోచించండి. ఒక వేసవిలో స్కూటీ డిక్కీలో పెట్టె మరిచిపోయి రెండు గంటల తర్వాత తీశాను. క్రేయాన్లు పూర్తిగా కరిగిపోలేదు కానీ మెత్తబడి, వంగి, ఒకదానికొకటి అంటుకున్నాయి. నీడలో చల్లబరిచి విడదీస్తే మూడు విరిగాయి, పసుపుకు నలుపు అంటింది. అంటుకున్న రంగును తడిగుడ్డతో తుడిచి కాపాడుకోగలిగాను. పసుపు మాత్రం మళ్లీ మునుపటిలా తేటగా రాలేదు. అందుకే వేసవిలో క్రేయాన్లను పల్చటి నూలుగుడ్డలో ఒక్కొక్కటి విడివిడిగా చుట్టి, నీళ్ల బాటిల్ పక్కన సంచిలో పెట్టుకుంటాను. ఈ విషయంలో పెన్సిళ్లదీ కేకులదే పైచేయి, వాటికి ఈ బెంగే లేదు. మధ్యాహ్నాలు బయట తిరిగేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఎండాకాలం ఇంకో ఇబ్బంది, తడి క్షణాల్లో ఆరిపోతుంది. కొండ సగం కరిగించేలోపు అంచు ఆరి గీత పడుతుంది. చిన్న స్ప్రే బాటిల్‌తో కాగితాన్ని ముందే తడిపి పెట్టుకుంటే సాఫీగా వస్తుంది. నవంబర్, డిసెంబర్‌లలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. తుపాను ముసురులో కాగితమే చెమ్మగా ఉంటుంది, క్రేయాన్ గీత గీస్తుండగానే అలుక్కుపోతుంది. ఆ నెలల్లో బయట పని మానుకుని ఇంట్లో వేసుకోవడం మేలు. పూర్తయిన బొమ్మల మధ్య బటర్ పేపర్ పెట్టి దాచండి. గోడకు పెట్టాలనుకుంటే ఫ్రేమ్ షాపులో మౌంట్, అంటే అద్దానికీ బొమ్మకీ మధ్య ఎడం ఉంచే అట్ట, వేయమని గట్టిగా చెప్పండి. అద్దం నేరుగా బొమ్మను తాకితే మైనం అద్దానికి అతుక్కుంటుంది.

కాగితం గురించి ఒక్కటే ఖచ్చితంగా చెబుతాను. క్రేయాన్లకు పెట్టే డబ్బులో కొంత తగ్గించి అయినా కాగితం మీద పెట్టండి. మామూలు డ్రాయింగ్ బుక్ కాగితం తడికి అప్పడంలా ముడుచుకుంటుంది, రెండోసారి బ్రష్ రుద్దితే నలకలు లేస్తాయి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) వాటర్ కలర్ పేపర్, చిన్న సైజు ప్యాడ్ చాలు. మరీ గరుకు కాగితమైతే క్రేయాన్ గుట్టల మీద మాత్రమే అంటి, గుంటలు తెల్లగా మిగులుతాయి. రాళ్లకు అది అందంగా ఉంటుంది, ముఖానికి బాగుండదు. మధ్యరకం గరుకు అన్నిటికీ పనికొస్తుంది. 8వ నంబరు గుండ్రటి సింథటిక్ బ్రష్ ఒకటి, బయట తిరగడానికి నీళ్లు నింపుకునే వాటర్ బ్రష్ ఒకటి. పని అయ్యాక బ్రష్‌ను సబ్బుతో కడగడం మరవద్దు. ఉత్త నీళ్లకు మైనం పూర్తిగా పోదు, వెంట్రుకల మొదట్లో పేరుకుని బ్రష్ చీలిపోతుంది.

క్రేయాన్లే అనుకుంటే, ఏవి?

నియోకలర్ 2లో 84 రంగులున్నాయి. 10, 15, 30, 40, 84 రంగుల పెట్టెలుగానూ, విడిగానూ దొరుకుతాయి. గట్టిదనం, మెత్తదనం రెండూ సమంగా ఉండే కడ్డీ ఇది. గీత గీతలా వస్తుంది, తడి తగిలితే బాగా కరుగుతుంది. జర్మనీ లైరా వాళ్ల ఆక్వాకలర్ కూడా ఇదే జాతి. ఫేబర్ కాస్టెల్ జెలాటోస్ లిప్‌స్టిక్ లాంటి గొట్టంలో వస్తాయి, వెన్నలా మెత్తగా ఉంటాయి. కార్డులకు, జర్నల్ పేజీలకు ముచ్చటగా ఉంటాయి కానీ మన వేడికి అంత మెత్తదనాన్ని నేను బయటికి తీసుకెళ్లలేను. చిన్నపిల్లలకే నీళ్లలో కరిగేవి కావాలని పట్టుబట్టేవాళ్లకు స్టాబిలో వుడీ ఉంది. బొటనవేలంత లావు చెక్క పెన్సిల్, లోపల మందపాటి మెత్తని రంగు, గాజు మీద కూడా రాస్తుంది. పిల్లల పిడికిట్లో విరగదు.

ఇవి మన ఊరి షాపుల్లో దాదాపు కనబడవు. మద్రాసు వెళ్లినప్పుడు పెద్ద ఆర్ట్ షాపులో చూడటమో, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమో చేయాలి. ఆన్‌లైన్ అయితే ఏప్రిల్, మే నెలలు వదిలేయండి. కొరియర్ బండిలో ఎండకు ఎన్ని రోజులు తిరిగి వస్తుందో మన చేతిలో ఉండదు. విడిగా దొరికే చోట పెట్టె కొనకుండా విడి రంగులే ఎంచుకోండి. 10 రంగుల పెట్టెలో మన కొండలకు పనికిరాని రంగులు కొన్ని ఉంటాయి, మనకు రోజూ కావాల్సిన మట్టి రంగులు తక్కువగా ఉంటాయి. ఒక మాట, కంపెనీ రంగుల చార్టులో ప్రతి రంగూ వెలుతురుకు ఎంత తట్టుకుంటుందో గుర్తులు ఉంటాయి. గులాబీ, ఊదా రంగుల్లో కొన్ని గోడ మీద ఎండ తగిలితే వెలిసిపోతాయి. స్కెచ్ బుక్‌లో మూసి ఉంచే బొమ్మలకు దిగులు లేదు. ఎవరికైనా బహుమతిగా ఇవ్వడానికో అమ్మడానికో వేసేవాళ్లు మాత్రం ఆ గుర్తులు చూసి కొనండి.

మా అమ్మాయికి చివరికి నేను చెప్పింది ఇది. తనకు గోపురాల మీద మోజు లేదు, కొండలంటే ఇష్టం. చేతిలో సమయం తక్కువ, ఓపిక ఇంకా తక్కువ. కాబట్టి క్రేయాన్లే. పెట్టె వద్దు, ఆరు విడి రంగులు: ఎల్లో ఓకర్, ఇటుక ఎరుపు, ఆలివ్ ఆకుపచ్చ, ప్రష్యన్ బ్లూ, ముదురు గోధుమ, తెలుపు. తెలుపు ఎందుకంటే ఆరిన రంగు మీద పొడిగా రుద్దితే ఎండ పడిన రాతి అంచు వస్తుంది. నలుపు అక్కర్లేదు, ప్రష్యన్ బ్లూ, ముదురు గోధుమ కలిపి కరిగిస్తే నలుపు కంటే మంచి నీడ దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో 300 జీఎస్ఎం ప్యాడ్. చిన్న చిన్న వివరాల కోసం పాత కామ్లిన్ వాటర్ కలర్ పెన్సిళ్లలో రెండు, ఒక ముదురు గోధుమ, ఒక ముదురు నీలం, సంచిలో పెట్టుకోమన్నాను.

"ప్యాలెట్ కొనాలా పిన్నమ్మా?" అంది. అక్కర్లేదు. పాత ప్లాస్టిక్ డబ్బా మూత లోపలి వైపు ఉప్పుకాగితంతో కాస్త గరుకు చేస్తే చాలు. దాని మీద క్రేయాన్ రుద్ది, తడిబ్రష్‌తో రంగు ఎత్తుకుంటే ఆకాశానికి కావాల్సిన పలచని వాష్ వస్తుంది. కాగితం మీద నేరుగా గీసి కరిగిస్తే ఆకాశంలో గీతలు మిగిలిపోతాయి.

నిన్న రాత్రి తను ఆర్డర్ పెట్టేముందు కార్ట్ స్క్రీన్‌షాట్ పంపింది. ఆరు రంగులూ ఉన్నాయి. పేరు చివర అంకె చూశాను. ఐదింటికి 2 ఉంది, తెలుపుకు 1 ఉంది. మార్చుకోమని వెంటనే ఫోన్ చేశాను.